వేళకు మోగడం తేలికే: రెండు నోడ్ల వైల్డ్‌ఫ్లై మీద రాత్రి బ్యాచ్‌ని నిలబెట్టిన కేస్ స్టడీ

ముందున్న ఏర్పాటు

ఇదొక బిల్లింగ్ అప్లికేషన్. చందాదారుల వాడకం వివరాలు పగలంతా ఫైళ్లుగా వచ్చి పడుతుంటాయి. రాత్రి వాటిని లెక్కగట్టి, బిల్లులు తయారుచేసి, తెల్లారేసరికి స్టేట్‌మెంట్లు మెయిల్లో పంపాలి. అప్లికేషన్ వైల్డ్‌ఫ్లై అనే జావా అప్లికేషన్ సర్వర్ మీద రెండు నోడ్ల (కలిసి పనిచేసే రెండు సర్వర్ల) క్లస్టర్‌గా నడుస్తోంది, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. మా టీమ్‌కి అప్పగించిన పని మాత్రం ఒక్క వాక్యంలో ఉంది: రాత్రి జాబుల్ని క్రాన్‌టాబ్ (లినక్స్‌లో ఏ వేళకి ఏ పని నడపాలో రాసుకునే పట్టిక) నుంచి తీసి అప్లికేషన్ సర్వర్‌లోకి తేవాలి.

పాత పద్ధతి చాలామందికి తెలిసిందే. ఒక లినక్స్ మెషీన్ మీద క్రాన్‌టాబ్, అందులో షెల్ స్క్రిప్ట్, ఆ స్క్రిప్ట్ కర్ల్ అనే కమాండ్‌తో అప్లికేషన్‌లోని ఒక యూఆర్ఎల్‌ని కొడుతుంది. అవతల సర్వ్‌లెట్ (రిక్వెస్ట్‌కి జవాబిచ్చే జావా కోడ్) ఆ రాత్రి పనంతా ఒకే రిక్వెస్ట్‌లో, ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే అంతా కమిట్ అయి నిలుస్తుంది, లేదా అంతా రోల్‌బ్యాక్ అయి వెనక్కి పోతుంది) లాగించేస్తుంది. ఖాతాలు తక్కువగా ఉన్నన్నాళ్లూ బాగానే నడిచింది. ఖాతాలు పెరిగాక మధ్యలో ఉండి రిక్వెస్టుల్ని నోడ్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ ఐడిల్ టైమౌట్ దాటిపోయి కనెక్షన్ తెగగొట్టడం మొదలైంది. కర్ల్‌కి ఎర్రర్ వస్తుంది, స్క్రిప్ట్‌లో ఎవరో సదుద్దేశంతో పెట్టిన రీట్రై లూప్ మళ్లీ కొడుతుంది. ఈసారి రిక్వెస్ట్ రెండో నోడ్‌కి వెళ్తుంది. మొదటి నోడ్‌లో పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఫలితం, కొందరికి ఒకే నెలకి రెండు బిల్లులు.

దీనికి తోడు, మెయిల్ పంపే స్క్రిప్ట్ బిల్లుల స్క్రిప్ట్ తర్వాత ఒక గంటకి మొదలయ్యేలా క్రాన్‌లో రాసి ఉంది. గంటలో బిల్లులు అయిపోతాయన్న ఊహ తప్ప ఆ రెండింటికీ మధ్య వేరే సంబంధమేమీ లేదు. గడియారాన్ని నమ్ముకుని జాబుల్ని ఒకదాని వెనక ఒకటి పేర్చిన ప్రతి చోటా ఏదో ఒక నెలాఖరున ఇది విరుగుతుంది.

క్లయింట్ వైపు నుంచి వినిపించిన మాట "మంచి షెడ్యూలర్ కావాలి" అని. నా అంచనా వేరు. క్రాన్ వేళకు మోగడంలో ఎప్పుడూ తప్పలేదు. నిన్న రాత్రి జాబ్ మొదలైందా, ఎక్కడిదాకా వచ్చింది, ఆగితే మళ్లీ ఎక్కణ్నుంచి నడపాలి? ఈ ప్రశ్నలకి జవాబు ఎక్కడా రాసి లేకపోవడమే అసలు రోగం. అందుకే డిజైన్‌లో ఒక గీత గీశాం. ఎప్పుడు మొదలుపెట్టాలో టైమర్ చెబుతుంది, దానికి ఇంకేమీ తెలియకూడదు. పని ఎలా చేయాలో జాబ్‌కి తెలుసు, దానికి వేళతో సంబంధం లేదు. ఏం జరిగిందన్న లెక్క డేటాబేస్‌లో ఉంటుంది. కింద చెప్పినదంతా ఈ గీతని కాపాడుకోవడానికి పడ్డ పాట్లే.

ఎంపిక

క్వార్ట్జ్ అనే జావా షెడ్యూలర్ లైబ్రరీ గురించి గట్టిగానే ఆలోచించాం. దాని జేడీబీసీ జాబ్ స్టోర్‌ని (డేటాబేస్‌లో ఉంచే జాబుల జాబితాని) క్లస్టర్ మోడ్‌లో పెడితే, లాక్స్ టేబుల్‌లో రో లాక్ పట్టుకుని ఒక ట్రిగ్గర్‌ని ఒకే నోడ్ నడిపేలా చూసుకుంటుంది. నోడ్ల గడియారాలు ఒకదానికొకటి సెకనులోపు తేడాతో ఉండాలన్న షరతు ఉంది, అది ఎలాగూ ఉండాల్సిందే. అయితే క్వార్ట్జ్ జవాబిచ్చేది "ఎప్పుడు" అన్న ప్రశ్నకి. లక్ష రికార్డుల్లో సగం అయ్యాక సర్వర్ పోతే మిగతా సగం సంగతి దానికి పట్టదు. అది మనం రాసుకోవాలి.

ఆగినచోటి నుంచి కొనసాగించే ఆ పనికి స్ప్రింగ్ బ్యాచ్ అనే లైబ్రరీ దిట్ట. కానీ అప్లికేషన్ మొత్తం జకార్తా ఈఈ (సర్వర్ వైపు జావా ప్రమాణాల సముదాయం, పాత పేరు జావా ఈఈ) మీద ఉంది, ఒక్క బ్యాచ్ కోసం ఇంకో కంటైనర్‌ని తెచ్చి పెట్టడానికి మనసొప్పలేదు. జేఎస్ఆర్ 352 పేరుతో 2013లో జావా ఈఈ 7లో చేరిన బ్యాచ్ స్పెసిఫికేషన్ ఇప్పుడు జకార్తా బ్యాచ్‌గా ఉంది. వైల్డ్‌ఫ్లైలో దాన్ని అమలుచేసేది జేబెరెట్. జాబ్, స్టెప్, చంక్, రీడర్, ప్రాసెసర్, రైటర్ అన్న మాటలు స్ప్రింగ్ బ్యాచ్ తెలిసినవాళ్లకి కొత్తేమీ కాదు. సర్వర్‌లోనే ఉంది, సర్వర్ ట్రాన్సాక్షన్లూ డేటాసోర్సులూ (డేటాబేస్ కనెక్షన్లు ఇచ్చేవి) వాడుకుంటుంది. కాబట్టి జాబ్‌కి జకార్తా బ్యాచ్, వేళకి ఈజేబీ టైమర్ (సర్వర్‌లోనే ఉండే అలారం).

సంస్థలో కంట్రోల్-ఎం లాంటి షెడ్యూలర్ ముందే ఉంటే టైమర్ కూడా రాయకండి. జాబ్ మొదలుపెట్టడానికి ఒక దారి, స్థితి అడగడానికి ఒక దారి బయటికి ఇచ్చి ఊరుకోండి. ఇక్కడ అలాంటిది లేదు కాబట్టి మేం టైమర్ పెట్టాం.

రిపోజిటరీ: మొదట మార్చాల్సిన డిఫాల్ట్

వైల్డ్‌ఫ్లైని విప్పి అలాగే నడిపితే బ్యాచ్ సబ్‌సిస్టమ్ తన జాబ్ రిపోజిటరీని (ఏ జాబ్ ఎప్పుడు నడిచింది, ఎక్కడిదాకా వచ్చింది అన్న చరిత్రని) మెమరీలో పెట్టుకుంటుంది. డెవలపర్ లాప్‌టాప్ మీద అన్నీ చక్కగా పనిచేస్తాయి, రీస్టార్ట్ కూడా పనిచేస్తుంది. సర్వర్ ఆగి లేచిందా, చరిత్రంతా గాలికి పోతుంది. అంటే రీస్టార్ట్ అవసరమయ్యే అసలు సందర్భంలోనే అది పనికిరాదు. జేడీబీసీ రిపోజిటరీని నిర్వచించి, దానికి డేటాసోర్స్ చూపించి, దాన్ని డిఫాల్ట్‌గా మార్చడం కమాండ్ లైన్‌లో రెండు మూడు వరుసల పని. జాబ్ ఇన్‌స్టెన్స్ (ఒక విడత పని), జాబ్ ఎగ్జిక్యూషన్ (ఆ పని మీద ఒక్కో ప్రయత్నం), స్టెప్ ఎగ్జిక్యూషన్, పార్టిషన్ ఎగ్జిక్యూషన్ అని నాలుగు టేబుళ్లు వస్తాయి. ప్రొడక్షన్‌లో అప్లికేషన్ యూజర్‌కి టేబుళ్లు సృష్టించే హక్కు ఉండదు కాబట్టి ఆ స్క్రిప్ట్ ముందే డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు) చేత నడిపించాం.

ఈ టేబుళ్లని బిజినెస్ డేటాతో సమానంగా బ్యాకప్‌లో చేర్చమన్నప్పుడు కొంత వాదన జరిగింది. "అవి లాగులే కదా" అన్నారు. అవి లాగులు కావు. చెక్‌పాయింట్, అంటే పని ఎక్కడిదాకా వచ్చిందన్న గుర్తు, అందులో ఉంటుంది. బిల్లుల టేబుల్‌ని ఒక సమయానికీ, రిపోజిటరీని ఇంకో సమయానికీ రీస్టోర్ చేస్తే, అయిపోయిన పనిని జాబ్ మళ్లీ చేస్తుంది, లేదా చేయని పనిని చేశానంటుంది. రెండూ ఒకే డేటాబేస్‌లో, వేర్వేరు స్కీమాల్లో పెట్టడంతో ఆ వాదన తీరింది.

థ్రెడ్ పూల్ (జాబుల్ని సమాంతరంగా నడిపే థ్రెడ్ల గుంపు) గురించి ఒక మాట. డిఫాల్ట్ గరిష్ఠం 10 థ్రెడ్లు. ఆ సంఖ్య ఎప్పుడూ 3 కంటే ఎక్కువుండాలని, పార్టిషన్లు (ఒక స్టెప్‌ని విడదీసి పక్కపక్కనే నడిపే ముక్కలు) నడవడానికి 2 థ్రెడ్లు పక్కన ఉంచుతారని సబ్‌సిస్టమ్ వివరణలోనే ఉంది. దాని వెనక కారణం తెలుసుకోవడం మంచిది. పార్టిషన్లున్న జాబ్‌లో ప్రధాన థ్రెడ్ తన పార్టిషన్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పూల్ మొత్తం అలా ఎదురుచూసే థ్రెడ్లతో నిండితే పార్టిషన్‌కి థ్రెడ్ దొరకదు, ఎవరూ కదలరు. అలాగని పూల్‌ని గుడ్డిగా పెంచినా లాభం లేదు. వైల్డ్‌ఫ్లై డేటాసోర్స్ పూల్ గరిష్ఠం, ఏమీ చెప్పకపోతే, 20 కనెక్షన్లు. బ్యాచ్ అన్నిటినీ పట్టుకుని కూర్చుంటే స్క్రీన్ ముందున్న యూజర్‌కి ఏం మిగలదు. మేం బ్యాచ్‌కి విడిగా ఒక డేటాసోర్స్ ఇచ్చాం. ఎంత తినాలో దానికో హద్దు ఉంది.

టైమర్: తెలివి ఎంత తక్కువైతే అంత మంచిది

సింగిల్టన్ ఈజేబీలో (ఒక్కో సర్వర్‌లో ఒకే ప్రతి ఉండే జావా భాగంలో) షెడ్యూల్ అనొటేషన్ (కోడ్‌లోనే వేళ రాసే గుర్తు) పెట్టిన ఒక మెథడ్, అంతే. కానీ ఆ అనొటేషన్ చుట్టూ మూడు నాలుగు గోతులున్నాయి.

పర్సిస్టెంట్ కాని, అంటే తన స్థితిని ఎక్కడా భద్రపరచని టైమర్ క్లస్టర్‌లో ప్రతి నోడ్‌లోనూ మోగుతుంది. పర్సిస్టెంట్ అంటే సమస్య తీరిపోయిందనుకోకండి, వైల్డ్‌ఫ్లైలో డిఫాల్ట్ స్టోర్ ఆ నోడ్ డిస్క్ మీదున్న ఫైలే. రెండు నోడ్లకి రెండు ఫైళ్లు, రెండు మోగడాలు. డేటాబేస్ డేటా స్టోర్ నిర్వచించి, రెండు నోడ్లలోనూ ఒకే పార్టిషన్ పేరు (బ్యాచ్ పార్టిషన్లతో దీనికి సంబంధం లేదు) ఇవ్వాలి. అప్పుడు టైమర్ రికార్డు స్థితిని మార్చే అప్‌డేట్‌లో నెగ్గిన నోడ్ మాత్రమే మెథడ్‌ని పిలుస్తుంది.

రెండోది ఇంకా నిశ్శబ్దంగా కుడుతుంది. టైమర్ మెథడ్ ట్రాన్సాక్షన్‌లో నడుస్తూ రోల్‌బ్యాక్ అయితే కంటైనర్ కనీసం ఒకసారి దాన్ని మళ్లీ పిలవాలని ఈజేబీ స్పెసిఫికేషన్ చెబుతోంది. మన మెథడ్ జాబ్‌ని మొదలుపెట్టేసి, ఆ తర్వాతి లైన్లో, ఉదాహరణకి లాగ్ రాసేచోట, ఎక్సెప్షన్ విసిరిందనుకోండి. ట్రాన్సాక్షన్ వెనక్కి పోతుంది, మొదలైన జాబ్ మాత్రం వెనక్కి రాదు. కంటైనర్ మళ్లీ పిలుస్తుంది, ఇంకో జాబ్ మొదలవుతుంది. పాత కర్ల్ రీట్రై లూప్ కొత్త బట్టలేసుకుని తిరిగొచ్చినట్టే. అందుకే ఆ మెథడ్‌కి ట్రాన్సాక్షన్ వద్దని నాట్ సపోర్టెడ్ పెట్టాం, లోపల ఎక్సెప్షన్లన్నీ పట్టుకుని అలర్ట్‌గా మార్చాం.

మూడోది, సర్వర్ పడుకున్న వేళ తప్పిపోయిన పర్సిస్టెంట్ టైమర్ లేవగానే కనీసం ఒకసారి మోగుతుంది. ఇది కూడా స్పెసిఫికేషన్ మాటే, చాలా సందర్భాల్లో మంచిదే. కానీ రాత్రి మెయింటెనెన్స్ సాగి సాగి పగలు పదకొండింటికి సర్వర్ లేస్తే, నిండు పని వేళలో బిల్లింగ్ జాబ్ బయలుదేరుతుంది. టైమర్ మెథడ్‌లో ఒకే ఒక్క తెలివి పెట్టాం. అనుమతించిన కిటికీ దాటితే జాబ్ మొదలుపెట్టదు, ఆపరేటర్‌కి చెప్పి ఊరుకుంటుంది.

టైమ్‌జోన్ అనొటేషన్‌లోనే స్పష్టంగా రాయండి. లేకపోతే అది సర్వర్ టైమ్‌జోన్‌లో నడుస్తుంది, రేపు ఎవరో మెషీన్‌ని యూటీసీకి మారుస్తారు. వేసవిలో గడియారం జరిపే ప్రాంతాల్లో అయితే, జరిగే ఆ గంటలో జాబ్ పెట్టకపోవడమే సుఖం. ఏడాదిలో ఒక రాత్రి ఆ గంట ఉండదు, ఇంకో రాత్రి రెండుసార్లు వస్తుంది.

ఏ రోజు పని? ఎవరు మొదలుపెట్టారు?

మొత్తం పనిలో నేను ఎక్కువసేపు కూర్చున్నది దీని మీదే. స్ప్రింగ్ బ్యాచ్ నుంచి వచ్చినవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. జాబ్ పేరు, పారామీటర్లు కలిపితే ఒక ఇన్‌స్టెన్స్. అదే పేరు, అవే పారామీటర్లతో ఒకసారి పూర్తయితే రెండోసారి నడవనివ్వదు. జకార్తా బ్యాచ్‌లో ఆ కాపలా లేదు. స్టార్ట్ అని ఎన్నిసార్లు పిలిస్తే అన్ని కొత్త ఇన్‌స్టెన్సులు పుడతాయి, పారామీటర్లు అవే అయినా సరే. టైమర్ ఒక్కసారే మోగేలా చూసుకున్నాం కదా అంటే, ఆపరేటర్ చేత్తో మొదలుపెట్టడం ఉంది, ఇద్దరు ఆపరేటర్లుండటం ఉంది.

అందుకని ఒక చిన్న కంట్రోల్ టేబుల్. జాబ్ పేరు, బిజినెస్ డేట్ (ఏ రోజు పనో ఆ తేదీ), తాజా ఎగ్జిక్యూషన్ నంబరు, మొదలుపెట్టిన నోడ్, వేళ. జాబ్ పేరు, బిజినెస్ డేట్ కలిపి యూనిక్. టైమరైనా మనిషైనా జాబ్ మొదలుపెట్టాలంటే ముందు ఇక్కడ ఒక వరుస చొప్పించాలి. పోస్ట్‌గ్రెస్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఏమీ చేయొద్దన్న క్లాజుతో ఇన్సర్ట్ చేసి, ఎన్ని వరుసలు చేరాయో చూస్తాం. సున్నా అంటే ఎవరో ముందే తీసుకున్నారు, మర్యాదగా వెనక్కి తగ్గాలి. ఆ ఇన్సర్ట్ కమిట్ అయ్యాకే జాబ్ స్టార్ట్ అవుతుంది, తర్వాత ఎగ్జిక్యూషన్ నంబరు ఆ వరుసలో పడుతుంది.

ఇన్సర్ట్‌కీ స్టార్ట్‌కీ మధ్య నోడ్ చచ్చిపోతే? ఎగ్జిక్యూషన్ నంబరు లేని వరుస మిగులుతుంది. ఆ స్థితి కొన్ని నిమిషాలు దాటి ఉంటే ఆపరేటర్ దాన్ని విడిపించవచ్చు. దాన్ని ఆటోమేట్ చేయమని అడిగారు, నేను ఒప్పుకోలేదు. అరుదుగా జరిగే దాని కోసం రాసిన ఆటోమేషన్‌కి సరైన పరీక్ష ఉండదు, అది తప్పు చేసేది డబ్బు లెక్క దగ్గర.

ఈ టేబుల్‌లో జాబ్ స్థితి రాయలేదని గమనించండి. పూర్తయిందా, ఫెయిలైందా అన్నది రిపోజిటరీలో ఇప్పటికే ఉంది. అదే సంగతి రెండు చోట్ల రాస్తే ఏదో ఒక రోజు రెండూ రెండు మాటలు చెబుతాయి.

బిజినెస్ డేట్‌ని పారామీటర్‌గా పంపడం అందరికీ చిన్న విషయంలా కనిపిస్తుంది. పాత సర్వ్‌లెట్ కోడ్‌లో చాలాచోట్ల సిస్టమ్ తేదీ అడిగే పిలుపులున్నాయి. పదకొండున్నరకి మొదలైన జాబ్ అర్ధరాత్రి దాటాక, మిగతా సగం ఖాతాలకి మరుసటి రోజు తేదీ వేసేది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, నెలాఖరు రాత్రి తప్ప. ఇప్పుడు జాబ్ లోపల ఈరోజు తేదీ అడిగే హక్కు ఎవరికీ లేదు. బిల్డ్‌లోనే ఒక నియమం పెట్టి బ్యాచ్ ప్యాకేజీలో ఆ పిలుపు కనిపిస్తే ఆపేస్తున్నాం. రెండ్రోజుల తర్వాత రీస్టార్ట్ చేసినా అదే తేదీ పని జరుగుతుంది. రీస్టార్ట్ చేసేటప్పుడు పారామీటర్లని మళ్లీ మా కోడే కంట్రోల్ టేబుల్ నుంచి తీసి పంపుతుంది, ఆపరేటర్ చేత తేదీ టైప్ చేయించం.

గంట తేడాతో నడిచే రెండు స్క్రిప్టుల గొడవ ఇక్కడే ముగిసింది. ఫైళ్లు లోపలికి తీసుకోవడం, లెక్కగట్టడం, స్టేట్‌మెంట్ వరుసలు తయారుచేయడం ఒకే జాబ్‌లో మూడు స్టెప్పులు. మొదటిది పూర్తయితేనే రెండోది.

చంక్ లోపల

చంక్ స్టెప్‌లో రీడర్ ఒక్కొక్క ఐటమ్ ఇస్తుంది, ప్రాసెసర్ మారుస్తుంది, నిర్ణీత సంఖ్య పోగయ్యాక రైటర్ అన్నిటినీ ఒకేసారి రాస్తుంది, కమిట్. ఆ సంఖ్య డిఫాల్ట్‌గా 10. మా పనికి అది చాలా చిన్నది, కమిట్లకే సమయం పోతోంది. 200కి మార్చాం. ఇంకా పెంచితే వేగం పెద్దగా పెరగలేదు కానీ, ఒక రికార్డు చెడితే వెనక్కి పోయే పని పెరిగింది. బ్యాచ్ ట్రాన్సాక్షన్‌కి స్పెసిఫికేషన్ ఇచ్చే డిఫాల్ట్ టైమౌట్ 180 సెకన్లని కూడా గుర్తుంచుకోవాలి. చంక్ అంతకంటే ఎక్కువసేపు పట్టేలా ఉంటే, టైమౌట్ పెంచే ముందు చంక్‌ని తగ్గించి చూడండి.

రీడర్ రాసేటప్పుడు అందరూ మొదట చేసేది: ఓపెన్‌లో క్వెరీ నడిపి, రిజల్ట్ సెట్‌ని పట్టుకుని, పిలిచినప్పుడల్లా ఒక వరుస ఇవ్వడం. జేటీఏ డేటాసోర్స్ (సర్వర్ ట్రాన్సాక్షన్లలో పాలుపంచుకునేది) మీద ఇది మొదటి చంక్ కమిట్ దగ్గరే కూలుతుంది. ట్రాన్సాక్షన్‌తో పాటు కనెక్షన్, దానితో కర్సర్ పోతాయి. రీడర్‌కి మాత్రం జేటీఏ లేని డేటాసోర్స్ ఇవ్వడం ఒక దారి. మేం పట్టిన దారి, ఖాతా నంబరు వరుసలో చదువుతూ, ఆఖరుగా చదివిన నంబరు కంటే పెద్దవాటిని కొన్నేసి తెచ్చుకోవడం. ఆ నంబరే చెక్‌పాయింట్. రీస్టార్ట్‌లో కంటైనర్ దాన్ని ఓపెన్‌కి అందిస్తుంది, అక్కణ్నుంచి సాగుతుంది. ఆఫ్‌సెట్‌తో పేజీలు చదవడం ఇక్కడ ప్రమాదం. క్వెరీలో "ఇంకా బిల్లు కానివి" అన్న షరతు ఉంటే, మొదటి 200 అయిపోగానే అవి జాబితా నుంచి తప్పుకుంటాయి, తర్వాత ఆఫ్‌సెట్ 200 అన్నప్పుడు మధ్యలో 200 ఖాతాలు ఎవరికీ కనబడకుండా జారిపోతాయి. ఎర్రర్ రాదు. జాబ్ పూర్తయిందని చెబుతుంది.

స్కిప్ విషయంలో ఇంకో చిక్కు. ఒక ఖాతాలో డేటా చెడితే దాన్ని వదిలేసి ముందుకు పోవాలి, న్యాయమే. ప్రాసెసర్‌లో స్కిప్ చేయదగ్గ ఎక్సెప్షన్ వస్తే ఆ ఒక్క ఐటమే పోతుంది. అదే ఎక్సెప్షన్ రైటర్‌లో వస్తే మొత్తం చంక్ స్కిప్ అవుతుంది, ఎందుకంటే రైటర్‌కి ఇచ్చింది మొత్తం లిస్టు, అందులో ఎవరు దోషో కంటైనర్‌కి తెలియదు. ఒక చెడ్డ ఖాతాతో పాటు 199 మంచి ఖాతాలకి బిల్లు రాదు. అదే ఎక్సెప్షన్‌ని రీట్రైకి కూడా చేర్చితే చంక్‌ని రోల్‌బ్యాక్ చేసి ఒక్కో ఐటమ్‌గా మళ్లీ నడుపుతుంది, దోషి ఒక్కటే తేలుతుంది. స్పెసిఫికేషన్‌లో ఆ ఏర్పాటు ఉంది. మేం అంతదాకా పోలేదు. తనిఖీలన్నీ ప్రాసెసర్‌లోకి తెచ్చి, అక్కడ స్కిప్‌కి హద్దు పెట్టి, రైటర్‌లో ఏ ఎక్సెప్షన్ వచ్చినా జాబ్ ఫెయిల్ అయ్యేలా ఉంచాం. రైటర్‌లో అనుకోనిది జరిగిందంటే దాన్ని మనిషి చూడాలి. స్కిప్ అయినవి లిజనర్ ద్వారా ఒక టేబుల్‌లో పడతాయి, పొద్దున్నే బిల్లింగ్ వాళ్లు చూసే మొదటి స్క్రీన్ అదే.

మెయిల్ ట్రాన్సాక్షన్‌లో ఇమడదు. చంక్ రోల్‌బ్యాక్ అయితే పంపిన మెయిల్ వెనక్కి రాదు. అందుకే బిల్లు జాబ్ మెయిల్ పంపదు. పంపాల్సిన మెయిల్‌ని అదే ట్రాన్సాక్షన్‌లో ఒక టేబుల్‌లో రాస్తుంది. ఇంకో చిన్న జాబ్ ఆ టేబుల్‌ని ఖాళీ చేస్తుంది. అది రెండుసార్లు పంపే ప్రమాదం పూర్తిగా పోదు, కానీ ఒక్క మెయిల్‌కి కుదించుకుపోతుంది. రెండో మెయిల్‌లోనూ అదే బిల్లు నంబరు ఉంటుంది కాబట్టి ఎవరూ గగ్గోలు పెట్టరు.

చంపి చూడటం

సిస్టమ్‌ని అప్పగించే ముందు దాన్ని చంపడానికే ప్రత్యేకంగా సమయం కేటాయించమన్నాను. మామూలు షట్‌డౌన్‌తో మొదలుపెట్టాం. వైల్డ్‌ఫ్లైకి టైమౌట్ ఇచ్చి ఆపితే ముందు సస్పెండ్ అవుతుంది, నడుస్తున్న జాబులకి ఆగమని చెబుతుంది. చంక్ స్టెప్ చేతిలో ఉన్న చంక్ పూర్తిచేసి ఆగింది. ఫైళ్లు తరలించే స్టెప్ బ్యాచ్‌లెట్‌గా (చంకులు లేకుండా ఒకే పిలుపులో నడిచే స్టెప్‌గా) రాసి ఉంది, అది ఆగలేదు. బ్యాచ్‌లెట్‌లో స్టాప్ మెథడ్‌ని మనం నింపకపోతే ఆగమన్న మాట దానికి వినపడదు. లోపలి లూప్ ఒక్కో ఫైల్ దగ్గర ఒక జెండా చూసేలా మార్చాం.

ఆ తర్వాత చంక్ మధ్యలో ప్రాసెస్‌ని కిల్ మైనస్ 9తో (ఉన్నపళంగా చంపే కమాండ్‌తో) చంపాం. డేటా వైపు అంతా బాగుంది, సగం చంక్ రోల్‌బ్యాక్ అయింది, చెక్‌పాయింట్ దాని ముందు చంక్ దగ్గరే ఉంది. రిపోజిటరీలో మాత్రం ఆ ఎగ్జిక్యూషన్ ఇంకా స్టార్టెడ్ అనే ఉంది. చచ్చినవాడు తన చావుని రాసుకోలేడు కదా. నడుస్తున్నట్టు కనిపించే ఎగ్జిక్యూషన్‌ని మామూలుగా రీస్టార్ట్ చేయనివ్వరు. జేబెరెట్‌లో దీనికోసం రీస్టార్ట్ మోడ్ అన్న ప్రాపర్టీ ఉంది: స్ట్రిక్ట్, డిటెక్ట్, ఫోర్స్ (నడుస్తున్నట్టు కనిపించినా రీస్టార్ట్ చేసేది). క్లస్టర్‌లో జాగ్రత్త అవసరం. ఒక జేవీఎంకి (జావా ప్రాసెస్‌కి) పక్క జేవీఎంలో ఏం నడుస్తోందో తెలియదు, రెండో నోడ్‌లో బతికి ఉన్న జాబ్ మొదటి నోడ్ కళ్లకి చచ్చినట్టే కనిపించవచ్చు. అందుకే ఆపరేటర్ స్క్రీన్‌లో ఫోర్స్ బటన్ నేరుగా ఇవ్వలేదు. కంట్రోల్ టేబుల్‌లో నోడ్ పేరు పెట్టింది ఇందుకే. ఆ నోడ్ నిమిషానికోసారి రాసే హార్ట్‌బీట్ (బతికే ఉన్నానన్న గుర్తు) ఆగిపోయి ఉంటేనే, లేదా ఆ నోడ్ జాబ్ మొదలైన వేళ తర్వాత మళ్లీ లేచి ఉంటేనే, బటన్ వెలుగుతుంది.

ఇంకోటి కూడా ఈ పరీక్షలోనే బయటపడింది. అకౌంటింగ్ వాళ్ల కోసం ఒక రైటర్ ఫైల్‌లోకి వరుసలు రాస్తుంది. డేటాబేస్ రోల్‌బ్యాక్ అయినా ఫైల్‌లో పడ్డ వరుసలు పోవు. రీస్టార్ట్ తర్వాత అవే వరుసలు మళ్లీ వచ్చాయి. రైటర్ చెక్‌పాయింట్‌గా ఫైల్ పొడవుని ఇచ్చి, ఓపెన్‌లో ఫైల్‌ని ఆ పొడవుకి కత్తిరించేలా చేశాం. పూర్తయ్యేదాకా ఫైల్ వేరే పేరుతో ఉంటుంది, ఆఖరి స్టెప్‌లో అసలు పేరుకి మారుతుంది. అవతలివాళ్లు సగం ఫైల్‌ని తీసుకుపోయే అవకాశం అలా పోయింది.

నిఘా

జాబ్ ఫెయిలైతే అలర్ట్ రావడం అందరూ పెడతారు. మొదలే కాని జాబ్ ఫెయిల్ అవదు, కాబట్టి ఏ అలర్టూ రాదు. అందుకే సర్వర్ బయట, మానిటరింగ్ సిస్టమ్ నుంచి ఒక క్వెరీ నడుస్తుంది: ఈ వేళకి ఈ బిజినెస్ డేట్‌కి కంట్రోల్ టేబుల్‌లో వరుస ఉందా, ఆ వేళకి దాని ఎగ్జిక్యూషన్ పూర్తయిందా. లేదంటే ఆన్-కాల్‌లో ఉన్నవారి ఫోన్ మోగుతుంది. నిఘా పెట్టే కోడ్‌ని అదే సర్వర్‌లో అదే టైమర్‌తో నడిపితే ఇద్దరూ కలిసి నిద్రపోతారు.

ప్రతి లాగ్ వరుసలో ఎగ్జిక్యూషన్ నంబరు ఉంటుంది. స్టాప్, రీస్టార్ట్ హక్కులు ఆపరేటర్లకీ, అబాండన్ హక్కు సీనియర్లకీ ఇచ్చాం. ఒకసారి అబాండన్ చేసిన ఎగ్జిక్యూషన్‌ని ఇక రీస్టార్ట్ చేయలేం. రిపోజిటరీ టేబుళ్లు పెరుగుతూ పోతాయి. జేబెరెట్‌లో పాత చరిత్రని తీసేయడానికి ఒక పర్జ్ బ్యాచ్‌లెట్ సిద్ధంగా ఉంది, దాన్నే వారానికొకసారి నడిచే జాబ్‌గా పెట్టాం.

ఇప్పుడు

కొత్త ఏర్పాటు ఎక్కాక రెండు బిల్లుల ఫిర్యాదు మళ్లీ రాలేదు. కంట్రోల్ టేబుల్ వెనక్కి పంపిన ప్రయత్నాలు లాగులో అప్పుడప్పుడూ కనిపిస్తుంటాయి, ఎక్కువగా ఆపరేటర్ బటన్‌ని ఓపిక లేక రెండోసారి నొక్కినవే. ఒక రాత్రి నోడ్ నిజంగానే మెమరీ చాలక పోయింది. ఆన్-కాల్‌లో ఉన్నావిడ మాకు ఫోన్ చేయకుండానే రెండో నోడ్ నుంచి రీస్టార్ట్ చేసి, ఉదయం మెయిల్లో ఆ సంగతి రాసింది.

లెక్కగట్టే స్టెప్‌ని తర్వాత నాలుగు పార్టిషన్లుగా విడదీశాం, ఖాతా నంబర్ల శ్రేణిని బట్టి. పార్టిషన్ ప్లాన్‌లో ఓవర్‌రైడ్‌ని ఫాల్స్‌గానే ఉంచాలి. లేకపోతే రీస్టార్ట్‌లో పాత విభజన, దాని చెక్‌పాయింట్లు పక్కకి పోయి స్టెప్ మొదట్నుంచి నడుస్తుంది. శ్రేణులు సమానంగా లేవు, పాత ఖాతాలు నిండిన మొదటి పార్టిషన్ మిగతా మూడూ అయిపోయాక కూడా చాలాసేపు నడుస్తోంది. శ్రేణి బదులు ఖాతా నంబరుని నాలుగుతో భాగించిన శేషాన్ని బట్టి విడదీసే మార్పు టెస్ట్ సర్వర్‌లో ఉంది. విభజన పద్ధతి మారేటప్పుడు సగంలో ఆగిన పాత ఎగ్జిక్యూషన్ ఏదీ మిగిలి ఉండకూడదు, అందుకని దాన్ని నెలాఖరు దాటాకే ఎక్కిస్తాం.